రిహార్సల్లో అనూష అన్న మాట

మరాఠీ సీమలోని కోర్పనా దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో నాటకమంటే అనూష ఉండాల్సిందే. మరాఠీ బడిలో చదివినా, తెలుగు డైలాగు రెండుసార్లు వింటే చాలు, గడగడా అప్పజెప్పేది. ఈసారి నాటకాలు వేయించే అనంతరావు సారు ఓ పాతకాలపు విషాద నాటకం ఎత్తుకున్నాడు. భర్తను ఉసిగొల్పి హత్య చేయించిన రాణి చివరికి నిద్రలో నడుస్తూ అంతా బయటపెట్టేస్తుంది. ఆ రాణి వేషం అనూషకిచ్చాడు.

రిహార్సళ్లు మొదలైన కొద్దిరోజులకే ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. కాంట్రాక్టు కూలీ ఎల్లేష్ కన్వేయర్ బెల్టు కింద రాళ్లు తీస్తుండగానే, కంట్రోల్ రూంలో ఉన్న అనూష భర్త హరీష్ చూసుకోకుండా బెల్టు నడిపించాడు. ఎల్లేష్ కుడిచెయ్యి పోయింది.

ఇంటికొచ్చిన హరీష్ గడప దగ్గరే కూలబడ్డాడు. "గల్తీ నాదే అనూషా. పొద్దుగాల పోయి చెప్తా."

"చెప్తే నౌకరీ ఉంటదా? జైల్ల కూసుంటవా?" అంది అనూష. "ఎవ్వరికి చెప్పకుండ అతనే లోపలికి పోయిండని అను. ఎవరు చూసిన్రు?"

మర్నాడు హరీష్ ఫ్యాక్టరీలో అలాగే చెప్పాడు. తప్పు ఎల్లేష్ మీద పడింది.

అక్కణ్నుంచి అనూషకు నిద్ర చెడింది. మధ్యాహ్నం కూలర్ ముందు నడుం వాల్చిన మనిషి, మెలకువ వచ్చేసరికి మండుటెండలో వీధి గేటు పట్టుకుని నిలబడి ఉండేది. ఓసారి పక్కింటి జయమ్మ చెయ్యిపట్టి లోపలికి తెచ్చింది.

"ఏందమ్మా, చెప్పులు లేకుండ గిట్ల తిరుగుతున్నవ్? బెల్టు బందు చెయ్యుండ్రని ఒకటే అరుస్తున్నవ్."

ఇంకేమన్నానని అడగడానికి అనూష భయపడింది. ఆనాటి నుంచి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి బియ్యం డబ్బాలో దాచి పడుకునేది. అయినా ఓ రోజు గేటు దగ్గరే మేలుకుంది. వేళ్లకు బియ్యం డబ్బాలోని పొడి అంటుకుని ఉంది.

వేషం మానేస్తే ఎందుకని అడుగుతారు. బిక్కుబిక్కుమంటూనే రిహార్సల్‌కు వెళ్లింది. రాణి నిద్రలో నడిచే రంగం వచ్చింది. వెనక కుర్చీలో హరీష్ కూర్చున్నాడు. నాలుగడుగులు వేసిందో లేదో, డైలాగులన్నీ ఎగిరిపోయాయి.

"బెల్టు బందు చెయ్యుండ్రి! లోపల మనిషున్నడు..." కాస్త ఆగి గొంతు తగ్గించింది. "అతనే పోయిండని అను హరీష్. ఎవరు చూసిన్రు?"

హాల్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అనంతరావు దగ్గరికొచ్చాడు. "అమ్మా అనూషా, ఏమైంది? నిద్రల ఉన్నవా ఏంది?"

"నిద్రల లేను సార్" అంది అనూష. "హరీష్‌తోని నేనే అట్ల అనిపించిన. ఎల్లేష్ తప్పేం లేదు."

అందరూ వెనక్కి తిరిగారు. హరీష్ మెల్లగా లేచాడు. "బెల్టు నేనే నడిపిన" అన్నాడు.

అతని ఉద్యోగం పోయింది, కేసు నడుస్తోంది. ఎల్లేష్ మీద వేసిన నింద తొలగింది. భార్యాభర్తలు కాలనీ ఖాళీ చేసి బాబుపేట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఓ రోజు అనూష ఒక్కతే సాస్తి అనే ఊరికి, ఎల్లేష్ ఇంటికి వెళ్లింది. అతని భార్య శ్రావణి గుమ్మంలోకి వచ్చింది.

"ఇన్ని దినాలు నీకు నిద్రెట్ల పట్టిందమ్మా?"

"పట్టలేదక్కా" అంది అనూష.

శ్రావణి లోపలికి రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు.