ఖలీల్ ఒకవేళలు

నాకు కబుర్లంటే ఒళ్లుమంట. ముప్పయ్యొక్క ఏళ్లు రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా చేశాను. అడక్కుండానే నోరు విప్పి కబుర్లు మొదలుపెట్టాడంటే వాడి దగ్గర టికెట్ లేనట్టే అని నా అనుభవం. అలాంటిదాన్ని తెచ్చి ఖలీల్ పక్క మంచం మీద పడేశాడు దేవుడు. ఇంకెక్కడా చోటు దొరకనట్టు.

డయాలసిస్ సెంటర్లో మాది పొద్దుటి షిఫ్టు. సోమ, బుధ, శుక్రవారాలు ఆరింటికల్లా అక్కడ ఉండాలి. నేరేడ్‌మెట్ నుంచి నేను ఆటోలో వస్తాను. నా రెండోపక్క మంచం పేతురుది, యాప్రాల్ నుంచి కొడుకు బండి వెనక కూర్చుని వస్తాడు. ఖలీల్ మల్కాజ్‌గిరి నుంచి తన భార్య మాబూబీతో బస్సులో వచ్చేవాడు. చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చితే ఇక నాలుగు గంటలు కదలడానికి లేదు. ఒంట్లో రక్తమంతా ఒక గొట్టంలోంచి యంత్రంలోకి పోయి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తుంది. మా కిడ్నీలు ఎగ్గొట్టిన పని అది చేసిపెడుతుంది. రోజుకు తాగాల్సిన నీళ్లు గ్లాసులతో కొలుచుకోవాలి. అరటిపండు, కొబ్బరినీళ్లు ముట్టకూడదు. వాటిలోని పొటాషియం మాకు విషం, గుండె ఆగిపోతుంది. మొదటిరోజే ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టి ఈ సంగతి చెబుతారు.

ఖలీల్‌కు యాభై నిండలేదు. ఆటోలకూ బైకులకూ సీటు కవర్లు కుట్టేవాడు. ఆ మనిషికి లోకంలో ప్రతిదాని మీదా ఉత్సాహమే. ఏ సందు చివర మిర్చి బజ్జీ ఏ వేళకు వేడిగా దిగుతుందో చెప్పేవాడు, తినేది లేకపోయినా. దారాల రంగుల గురించి గంటసేపు మాట్లాడేవాడు. ఒక్కదానికి మాత్రం మండిపడేవాడు. కొత్త సీటు కుట్టించుకుని, పైన ప్లాస్టిక్ తొడుగు తీయనివాళ్లంటే అతనికి గిట్టదు. పొద్దంతా కూర్చుని కుట్టిన సీటు మీద కాకుండా ప్లాస్టిక్ మీద కూర్చుంటారు, చెమటకు జారతారు, మళ్లీ వచ్చి సీటు బాగాలేదని తననే అంటారు. ఇదీ అతని గోడు. నాకు పడనివాళ్లు ఎవరని అడిగాడొకసారి. "రెండు స్టేషన్లే కదమ్మా" అంటూ వేరేవాళ్ల బెర్తు మీద కూర్చునేవాళ్లు అన్నాను. పేతురుకు ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడేవాళ్లు. ఆ రోజంతా ముగ్గురం లోకాన్ని తిట్టుకుంటూ గడిపాం. నాలుగు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు.

అసలు పిచ్చి మాత్రం అతని 'ఒకవేళ'లు. యంత్రం తిరగడం మొదలవ్వగానే ఒకవేళ అనేవాడు. ఒకవేళ జీవితాంతం చాయ్ లేకుండానా, జీవితాంతం ఉప్పు లేకుండానా? ఒకవేళ దయ్యాలున్న ఇంట్లో ఏసీ గదా, దయ్యాల్లేని ఇంట్లో మే నెలలో ఫ్యాన్ కూడా లేని గదా? అతను అయిదు లెక్కపెట్టేలోగా రెంటిలో ఒకటి చెప్పి తీరాలి. రెండూ అనకూడదు, ఆలోచిస్తాననకూడదు. సూదులు పెట్టే అమ్మాయి హదస్సాను కూడా వదిలేవాడు కాదు. పేతురు దయ్యాల ఇంట్లో ఏసీ గదే అన్నాడు, మా ఆవిడకంటే దయ్యాలే నయమని కూడా అన్నాడు. నోరు మూసుకుని పడుకోమని నేను కసురుకునేదాన్ని. కసురుకుంటూనే అయిదు లెక్కపెట్టేలోగా జవాబు కూడా చెప్పేదాన్ని. ఎందుకు అబద్ధం, ఆదివారం నాడు ఇంట్లో కూర్చుని రేపు ఏం అడుగుతాడో అనుకునేదాన్ని.

ఆ శుక్రవారం నా పిక్కలు పట్టేశాయి. యంత్రం ఒంట్లో నీరు ఎక్కువ లాగితే అలా అవుతుంది. ప్రాణం పోతున్నట్టుంటుంది. హదస్సా కాళ్లు రుద్దుతోంది, నేను పళ్లు బిగబట్టి ఉన్నాను. సరిగ్గా అప్పుడు మొదలుపెట్టాడు.

"ఒకవేళ ఇంటోళ్లకు బరువై పదేండ్లు బతుకుడా, ఎవ్వలికి తక్లీఫ్ ఇయ్యకుండ పది దినాలు బతుకుడా? ఒకటి, రెండు..."

"పది దినాలు" అన్నాను మూడు అనకముందే. అంతటితో ఊరుకోలేదు నేను. "పదేండ్లు ఎవనికి గావాలె గీ బతుకు" అని కూడా అన్నాను. పేతురు సైతం పది దినాలే అన్నాడు. ఇట్లాంటివి అడగొద్దు అంకుల్ అని హదస్సా కోప్పడింది. ఖలీల్ నవ్వాడు. "మంచిదక్కా, ఫైసలా అయింది" అన్నాడు.

మీకు వింతగా ఉంటుందేమో కానీ మా దగ్గర అవి రోజూ అనుకునే మాటలే. చస్తే పీడా పోతుందని పొద్దున్నే ఎవరో ఒకరు అంటారు, ఇంకొకరు నా తర్వాతే నువ్వు అంటారు. అన్నవాళ్లంతా తర్వాతి షిఫ్టుకు అయిదు నిమిషాలు ముందే వచ్చి కూర్చుంటారు. ఆ ప్రశ్న కూడా అలాంటిదే అనుకున్నాను.

సోమవారం ఖలీల్ రాలేదు. హదస్సా ఫోన్ చేస్తే అతనే ఎత్తాడట. కరీంనగర్‌లో దగ్గరి చుట్టాల పెళ్లి ఉంది, వారం రోజులు అక్కడే డయాలసిస్ చేయించుకుంటానని చెప్పాడట. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు హాయిగా అనిపించింది. నాలుగు గంటలూ నిద్రపోయాను.

బుధవారం కూడా మంచం ఖాళీ. పెళ్లంటే మాటలా, వారం పడుతుందిలే అని పేతురు అంటున్నాడు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తున్నాను. పీర్ల పండుగ అయి నాలుగు రోజులు. మొహర్రం నెల. మొహర్రంలో వీళ్లలో పెళ్లిళ్లు ఎవరు చేస్తారు? హదస్సాకు తెలియకపోవచ్చు. ముప్పయ్యొక్క ఏళ్లు రకరకాల కట్టుకథలు విన్న నాకు సోమవారమే తెలియొద్దూ? పెళ్లనే మాట నా చెవిన పడింది, నేను అటు తిరిగి పడుకున్నాను. అప్పుడు శుక్రవారం అతను అడిగిన మాట గుర్తొచ్చింది.

ఇంకా గంటన్నర ఉంది నాకు. సూదులు తీసెయ్యమన్నాను. హదస్సా కుదరదంది, కాగితం మీద సంతకం పెట్టమంది. పెట్టాను. ఖలీల్ ఫోన్ స్విచ్చాఫ్. రిజిస్టర్‌లో అతని అడ్రసు చూసి రాసిచ్చింది ఆ పిల్ల. చేతికి దూదిపట్టీ అలాగే ఉండగా ఆటో ఎక్కాను.

మల్కాజ్‌గిరి స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. లోపల ఏడుపులు వినబడతాయని గుండె చిక్కబట్టుకుని వెళ్లాను. మాబూబీ నవ్వు మొహంతో ఎదురొచ్చింది. నా చేతులు రెండూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. వాళ్ల ఇంట్లో పండుగలా ఉంది. శుక్రవారం డాక్టర్ మంచి కబురు చెప్పాడట. కిడ్నీలు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టాయట, నెల దాకా యంత్రం అక్కర్లేదట, ఇక అన్నీ తినొచ్చట. మాతో వచ్చేవాళ్లను లోపలికి రానివ్వరు, కింద బెంచీ మీద కూర్చోవాలి. అందుకని డాక్టర్ ఏమన్నాడో ఖలీల్ చెబితే నమ్మడమే.

ఇంకో సంగతి అప్పుడే విన్నాను. వాళ్ల కూతురు నిఖత్ కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లు. తండ్రికి తన కిడ్నీ ఇస్తానని ఆర్నెల్ల నుంచి పట్టుబట్టింది. రక్తం కలిసింది. చివరి పరీక్షలు ముందురోజు మంగళవారం జరగాల్సి ఉంది. తండ్రికి నయమైందని అవి మానుకుంది. పక్క మంచం మీద రెండేళ్లుగా ఉన్నాను, ఈ మాట ఖలీల్ ఒక్కసారి కూడా నాతో అనలేదు.

"నాలుగేండ్ల సంది గిలాసతోని కొలిసి నీళ్లిచ్చిన అక్కా" అంది మాబూబీ. "ఇప్పుడు పొద్దుగాల ఒక కొబ్బరిబోండం, మాపటికి ఒక బోండం. మొఖం ఎట్ల నిండిందో సూడు."

ఖలీల్ మూడు దిండ్లు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం నిండడం కాదు, ఉబ్బింది. కళ్లు సగం పూడుకుపోయాయి. పాదాలు ఇంతలావున ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడక కూర్చున్నాడని చూడగానే తెలిసింది. గ్యాసు అని ఇంట్లో చెప్పాడట. నన్ను చూసి నవ్వబోయాడు. అక్కకు చాయ్ పెట్టమని భార్యను వంటగదిలోకి పంపాడు.

"చెప్పకు అక్కా" అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "పోరిది పానం మంచిగ ఉంది. దాని కడుపు కోసి నేను బతికి ఏం జెయ్యాలె?"

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఇంత సంగతి ఉంటే ఆ రోజు ఆటలో పెట్టి ఎందుకు అడిగావు, సూటిగా ఎందుకు చెప్పలేదని పళ్ల బిగువున అడిగాను.

"చెప్తె నువ్వు పది దినాలంటుంటివా?"

 అంతలో మాబూబీ చాయ్ తెచ్చింది. నేను కప్పు అందుకున్నాను. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. లేచి అరవాల్సింది పోయి, ఖలీల్ మొహం చూస్తూ ఆ చాయ్ సగం తాగాను. అతను చేసేది తప్పని ఒక క్షణం, ఆ పిల్ల పొట్ట కోయకుండా పోవాలనుకునే హక్కు అతనికి లేదా అని ఇంకో క్షణం. మాబూబీ నా పక్కనే కూర్చుని, గల్లీ అంతా మిఠాయి పంచిన సంగతి చెబుతోంది. నాకు కూడా ఒక అరటిపండు తీసివ్వబోయి, నువ్వింకా తినొద్దు కదా అక్కా అని నొచ్చుకుంది. అప్పుడు కప్పు కింద పెట్టి మొత్తం చెప్పేశాను.

మాబూబీ మొదట నవ్వింది. నేను ఏదో పొరబడ్డాననుకుంది. తర్వాత భర్త వైపు చూసింది. ఖలీల్ గోడవైపు తిరిగాడు. ఆమె లేచి వెళ్లి అతని పాదం మీద వేలు పెట్టి నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆ గుంట పడితే ఒంట్లో నీరు చేరినట్టని నాలుగేళ్లుగా ఆమెకు తెలుసు. ఏడవలేదు. నిఖత్‌కు ఫోన్ చేసి నేరుగా ఆస్పత్రికి రమ్మంది, చెప్పులు వేసుకోకుండానే ఆటో పిలుచుకొచ్చింది.

ఆటోలో అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. మెట్టుగూడ రాకముందే అతని తల నా భుజం మీద పడింది. నాడి తప్పి కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ కొట్టుకుంటోంది. ఆస్పత్రిలో డాక్టర్లు ఛాతీ మీద చాలాసేపు నొక్కారు. నిఖత్ దుకాణం నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు నన్ను పిలిచారు. వెళ్లక తప్పుతుందా? వచ్చినవాళ్లు తిని వెళ్లిపోయాక మాబూబీ నా పక్కన చాప మీద కూర్చుంది. సగానికి సగం అయింది మనిషి. కొంగు చివర మడతపెడుతూ విప్పుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నేను గా కొబ్బరినీళ్లు తాపకుంటె బతికేటోడా అక్కా?"

ఆ రోజు డాక్టర్ నాతో అన్న మాట నాకు తెలుసు. అయిదు రోజులు యంత్రం లేకపోయినా ఒకవేళ కాపాడగలిగేవాళ్లమేమో, పొటాషియమే గుండెను ఆపిందన్నాడు. "కాదు" అన్నాను. "నీళ్లు ఊపిరితిత్తులకెక్కినయి. నువ్వు తాపినా తాపకున్నా గంతే." గట్టిగా, తడుముకోకుండా చెప్పాను. మాబూబీ నా భుజానికి తల ఆనించి అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఏడవడం అదే మొదటిసారట.

సాగనంపడానికి నిఖత్ నాతో సందు చివరిదాకా వచ్చింది. తండ్రి పోలికే. ఆటో కోసం నిలబడ్డాం.

"కొబ్బరినీళ్ల సంగతి నాకు తెలుసు ఆంటీ, ఫోన్‌ల చదివిన" అంది. "అమ్మీ ఎన్నిసార్లు అడిగినా గదే చెప్పుండ్రి."

అలాగే చెబుతానన్నాను. ఆటో వచ్చి ఆగింది. ఎక్కబోతుంటే ఇంకో మాట అడిగింది.

"అబ్బ మీతోని ముందుగాల ఏమన్న అన్నడా? జెరంత ఎర్కున్నా నేను ఆపుకుంటుంటి."

"ఏమనలే బిడ్డా" అన్నాను.

నిఖత్ తల ఊపింది. నమ్మింది. నా చేతికి సూదులు గుచ్చే చోట తగలకుండా, మోచెయ్యి కింద పట్టుకుని నన్ను నెమ్మదిగా ఆటో ఎక్కించింది. ఆంటీకి ఒంట్లో బాగాలేదు, గుంతలు చూసుకుని మెల్లగా పోనిమ్మని డ్రైవర్‌కు రెండుసార్లు చెప్పింది.