మెట్లెక్కినవాడి పెళ్ళి ప్రకటన

ఈమధ్య టీవీలో ఆటలు చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. గెలిచినవాడు గీత దాటగానే మోకాళ్ళమీద కూలబడి ఆకాశానికి వేలెత్తి చూపిస్తాడు. జనం చప్పట్లు కొడతారు. ఎంత భక్తి, ఎంత వినయం అని కామెంటరీ చెప్పేవాళ్ళు చెబుతారు. సంతోషమే. గెలిచాక దేవుణ్ణి చూపించడం ఎవడికైనా తేలికే. నేను ఇంకా ఏమీ గెలవకముందే, పరుగు నేర్చుకుంటూ ఉండగానే, నీ దేవుడెవరో తేల్చి చెప్పమని నన్ను నిలబెట్టి అడిగారు. అడిగింది పరాయివాళ్ళయితే బాధ లేదు. మా చర్చి సంఘంవాళ్ళే.

డెబ్భైల చివరి మాట. తిరుపతిలో ఒక కట్టెల కోత మిషన్లో దుంగలు మోసేవాణ్ణి. బడి ఐదో తరగతితోనే సరి. ఆ తర్వాత చదివిందంతా అమ్మ బైబిలూ, టీ అంగట్లో పేపరూ. పరుగు కూడా నాకు ఎవరూ నేర్పలేదు. ఒకరోజు కాలేజీ మైదానంలోకి పోతే అక్కడి డ్రిల్లు మాస్టరు ఈల నోట్లోంచి తీసి, "ఏ కాలేజీప్పా నీది?" అన్నాడు. కోత మిషను అన్నాను.

"అయితే ఆడనే పరిగెత్తుపో, దుంగల సుట్టూ" అన్నాడు.

ఏ కాలేజీ అని అడగని నేల కోసం వెతికితే నాకు అలిపిరి మెట్లు దొరికాయి. తెల్లవారకముందే మొదలుపెట్టేవాణ్ణి. గాలిగోపురం దాకా ఊపిరి తీసే నిలువు మెట్లు. ఆ తర్వాత కొంత దూరం చదును. మెట్ల దారి, కొండ దిగే బస్సుల రోడ్డును కలిసే చోటు దాటి, మోకాళ్ళ పర్వతం మొదటికి చేరి, అక్కడే వెనక్కి తిరిగేవాణ్ణి. అంతకు పైకి పోతే మిషను పనికి ఆలస్యం. ఆ మెట్లు ఎక్కిన కాళ్ళకు మామూలు రోడ్డు నులక మంచంలాగా ఉంటుంది. ఈ సంగతి ఏ డ్రిల్లు మాస్టరుకూ తెలియదు. చెప్పినా వినేవాళ్ళు కాదు.

ఎక్కేటప్పుడు ఊపిరి చెదరకుండా ఉండాలంటే లోపల ఏదో ఒక తాళం నడుస్తుండాలి. అంకెలు పెట్టుకుని చూశాను, నిలబడలేదు. అమ్మ నేర్పిన ప్రార్థన పెట్టుకున్నాను. మెట్టుకొక మాట. అదే ప్రార్థన ఆదివారం చర్చిలో అందరితో కలిసి చెప్పేటప్పుడు నా మనసు మిషన్లోనో, ఆడవాళ్ళు కూర్చునే వైపో ఉండేది. మెట్లమీద మాత్రం ఒక్క మాట పక్కకు పోయేది కాదు. పోతే కాలు జారేది.

ఆడవాళ్ళు కూర్చునే వైపు అన్నాను గదా. ఏర్పేడు దగ్గరి పల్లెలో మిషనరీల బడి పంతులుగారి అమ్మాయి సెలవులకు వాళ్ళ పిన్నమ్మ ఇంటికి వచ్చి, మా చర్చికే వచ్చేది. పెద్దవాళ్ళు కదిపితే మాట కలిసింది. కానీ పంతులుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క మాట అన్నారు.

"దుంగలు మోసేవాడికి పిల్లనెట్లిచ్చేదప్పా? చిత్తూరులో పందెం పెడతా ఉండారంట. ముందర వచ్చినోళ్ళని పోలీసుల్లోకి తీసుకుంటారంట. నువ్వు పరిగెత్తుతావని మా పిల్ల చెప్పింది. ఈస్టరు ముందర శ్రమకాలం ఉపవాసాలు వస్తే చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు. కాబట్టి ప్రకటనలు ముందే వేయిస్తా. పందెంలో వెనకబడినావంటే మాత్రం పెళ్ళి లేదు."

కాబట్టి నేను మెట్లెక్కితేనే ఉద్యోగం. ఉద్యోగం వస్తేనే అమ్మాయి. అంతవరకు లెక్క సూటిగానే ఉంది.

మా చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయికి వివాహం చేయ నిశ్చయించారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. అడిగి, సమాధానం కోసం ఆగకుండా తర్వాతి కీర్తన నంబరు చెప్పేస్తారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఎవరూ నోరు తెరిచింది లేదు. మొదటి ఆదివారం అలాగే గడిచింది. రెండో ఆదివారం అయ్యగారు కీర్తనల పుస్తకం తిప్పుతుండగా ముందు వరసలో ఒకాయన లేచాడు.

"నాకుండాది అయ్యగారూ, అభ్యంతరం."

ఆయన మా సంఘ పెద్ద. కొండ బస్సు డ్రైవరు. పెద్ద గొంతు. పాట ఎత్తుకుంటే పైకప్పు పెంకులు కదిలేవి.

"ఈయప్ప దినామూ తెల్లారకముందే కొండెక్కుతా ఉండాడు. బండి దించుకోని వస్తా నా కండ్లారా సూసినా. కాళ్ళకు చెప్పుల్లేవు. గుండు గూడా కొట్టించినాడు. ఇంగేం కావల్ల?"

చర్చి మొత్తం నా తలవైపు తిరిగింది. గుండు నిజమే. తిరుపతిలో గుండుకు ఒకటే అర్థం.

ఆరాధన అయ్యాక వెనక గదిలో కమిటీ కూర్చుంది. నన్ను నిలబెట్టారు. పెద్దాయనే మొదలుపెట్టాడు.

"ఎందుకెక్కుతుండావురా?"

"పరుగు కోసరమన్నా."

"పరిగెత్తేదానికి ఊర్లో రోడ్లు లేవా?"

"రోడ్లమింద మీ బస్సులుండాయి గదన్నా."

"ఎగతాళి వొద్దు. గుండెందుకు?"

"రంపప్పొట్టు తల్లో పడి పుండ్లు లేస్తా ఉండాయి. గుండయితే కడుక్కునేదానికి సులువు."

"చెప్పులెందుకు తొడుక్కోవు?"

"చెప్పులతో పరిగెత్తితే తెగిపోతాయి. నువ్వు బూట్లు కొనియ్యి, రేపట్నించే తొడుక్కుంటా."

ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బూట్లు కొనే స్తోమత లేనివాడు వట్టికాళ్ళతో పోతే దానికి మొక్కు అని పేరు. పొట్టు పడి తల పుండయితే అదీ మొక్కే. బీదవాడు ఏం చేసినా ఎవరో ఒకరికి అందులో భక్తి కనబడుతుంది, ఆకలి మాత్రం కనబడదు.

పెద్దాయన అసలు ప్రశ్న చివరికి దాచుకున్నాడు. ముందుకు వంగి అడిగాడు. "ఎక్కేవాళ్ళంతా గోవిందా అంటారు గదా. నీ పక్కకొచ్చి అంటే నువ్వేమంటావు?"

"ఊపిరుంటే గదన్నా, ఏదో ఒకటి అనేదానికి!"

అయ్యగారు దగ్గు వచ్చినట్టు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేదేమో. నా నోరు ఊరుకోలేదు.

"అన్నా, నేనొక్కణ్ణి కాలితో పోతా ఉండా. నువ్వు బస్సు నిండా జనాన్ని కూర్చోబెట్టుకోని దినామూ కొండకు తోలకపోతా ఉండావు. నాది తప్పయితే నీదేమి?"

"నాది ఉద్యోగంరా!"

"నాదీ ఉద్యోగం కోసరమేనన్నా."

కమిటీలో ఒకాయన, "పెద్దలకు ఎదురు చెబుతా ఉండాడు, అది గూడా రాసుకోండి" అన్నాడు. కొండెక్కడం ఒక నేరం. అది రెండో నేరం. మెట్లు మానేస్తానని మాటిస్తే మూడో ప్రకటన చదువుతాం, లేకపోతే లేదు అన్నారు. మానేస్తే పంతులుగారు పిల్లనివ్వరు. మానకపోతే సంఘం పెళ్ళి చెయ్యదు. ఒకే అమ్మాయిని రెండు వైపులనుంచీ పోగొట్టుకునే సౌకర్యం నాకు కల్పించారు.

చివరికి అయ్యగారే ఒక దారి చెప్పారు. "చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఒక ఉదయం నేను వెంట వెళ్ళి, అక్కడ ఏం చేస్తాడో కళ్ళారా చూసి వస్తాను."

మంచి మనిషి, చదువుకున్న మనిషి. బరువైన మనిషి కూడా. తెల్ల పంచె, తెల్ల లాల్చీ వేసుకుని, మంచులో మఫ్లరు చుట్టుకుని అలిపిరికి వచ్చారు. అక్కడ పూలమ్మే ఆమె "సామీ, చెప్పులతో ఎక్కేది కాదు" అని చెప్పేసరికి, చుట్టూ అందరి కాళ్ళూ చూసి, తనవి విప్పి చేతిసంచిలో పెట్టుకున్నారు.

నేను పరుగు మొదలుపెట్టాను. కొంత ఎక్కి వెనక్కి తిరిగితే ఆయన అక్కడే ఉన్నారు. దిగి వచ్చాను. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. గాలిగోపురం దాకా మేకల మందను తోలే కుక్కలాగా ఆయనచుట్టూ తిరగడమే నా పనయింది. నన్ను చూడడానికి వచ్చిన మనిషి చూసిందల్లా నా వీపు. అదీ అప్పుడప్పుడు. మధ్యలో ఒకసారి పట్టుకుని, "లోపల ఏమనుకుంటూ ఎక్కుతావు?" అని అడిగారు. ప్రార్థన సంగతి చెప్పాను. ఏదో అనబోయారు కానీ గాలి చాలలేదు.

మోకాళ్ళ పర్వతం దగ్గరకు వచ్చేసరికి ఎండ పొడుస్తోంది. మొక్కుకున్నవాళ్ళు ఆ నిలువు మెట్లను మోకాళ్ళమీద ఎక్కుతున్నారు. ఇక్కడితో నా పరుగు సరి అని చెప్పాను. వచ్చినందుకు పైదాకా ఒకసారి చూస్తానని అయ్యగారు నాలుగు మెట్లు ఎక్కారు. కాళ్ళు మొరాయించాయి. చేతులు ఆన్చారు. తర్వాత మోకాళ్ళు కూడా ఆన్చారు.

నగరి వైపునుంచి వచ్చిన ఒక ముసలామె అది చూసి కరిగిపోయింది. "అయ్యయ్యో సామీ! ఈ ఒళ్ళేసుకోని ఎంత కష్టమైన మొక్కు మొక్కుకుంటివి!" అంటూ ఆయన్ని మెట్టుమీద కూర్చోబెట్టింది. ముంతలో మజ్జిగ తాగించింది. పిక్కలు పట్టింది. కళ్ళు తిరుగుతున్నాయని ఆయన సైగ చేస్తే, మూటలోంచి గంధం తీసి నొసటికి పట్టించి, "సల్లగుంటాది, తల తిరిగేది నిలస్తాది" అంది. అయ్యగారు వద్దనడానికి నోరు తెరిచారు. మాట రాలేదు.

"ఊపిరుంటే గదయ్యా" అన్నాను. అయ్యగారు నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఆయన నడిచి దిగే పరిస్థితి లేదు. రోడ్డు దగ్గరకు పట్టుకుని తెచ్చాను. దిగే బస్సుకు చెయ్యెత్తితే ఆగింది. ఎక్కి చూస్తే స్టీరింగు దగ్గర మా పెద్దాయన. అయ్యగారి వట్టికాళ్ళు చూశాడు, మట్టి పట్టిన పంచె మోకాళ్ళు చూశాడు, నొసట గంధం చూశాడు.

"అయ్యగారూ! మీరు గూడానా!"

"ముందు చూసి నడుపు" అన్నారు అయ్యగారు, ఇంజను పక్క సీట్లో చతికిలబడి.

బస్సు కదిలింది. నిండా యాత్రికులు. మొదటి మలుపు వచ్చింది. జనం ఎందుకో ఎదురుచూస్తున్నట్టు ముందుకు చూస్తున్నారు. వెనకనుంచి కండక్టరు కేక వేశాడు.

"ఏమన్నా, ఈ పొద్దు గొంతు పడిపోయిందా? దినామూ గోవిందా అని ఎత్తుకునేది నువ్వే గదా!"

పెద్దాయన మెడ ఎర్రబడింది. అద్దంలోంచి అయ్యగారిని చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ప్యాసింజర్లు సంతోషపడతారని… మలుపుల్లో ధైర్యంగా ఉంటాదని… ఉద్యోగం గదయ్యగారూ."

అయ్యగారు మఫ్లరు కొసతో నొసలు తుడుచుకుంటూ కిటికీలోంచి లోయ చూడసాగారు. యాత్రికులు తామే ఎత్తుకున్నారు. మా సంఘం తరఫున ఆ బస్సులో ముగ్గురం. నొసట గంధం లేనివాణ్ణి, గోవింద ఎత్తుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. విచారణ జరుగుతున్నది నామీద.

అలిపిరిలో దిగాక అడిగాను. "నా తప్పేం లేదని తేలింది గదా అయ్యగారూ?"

"తేలింది నాయనా."

"అయితే రేపట్నించి ఎక్కుతా."

"వద్దు. మూడో ప్రకటన చదివేదాకా ఎక్కొద్దు. తప్పు లేదని తేలింది కాబట్టే చెబుతున్నాను."

ఇదేం న్యాయమో నాకు చదువు లేక అర్థం కాలేదనుకున్నాను. తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఇప్పటికీ అర్థం కాలేదు. అమ్మాయికోసం నోరు మూసుకున్నాను. ఆ వారమంతా తెల్లవారుజామున మెలకువ వచ్చి, కాళ్ళు మంచంమీదే తన్నుకునేవి. చిత్తూరు పందెం దగ్గరపడుతోంది.

మూడో ఆదివారం అయ్యగారు కుర్చీలో కూర్చుని ఆరాధన నడిపించారు. వాతం అని వాళ్ళింట్లో అమ్మగారు అందరికీ చెప్పారు. పంతులుగారు ఏర్పేడునుంచి కూతురితో వచ్చి మధ్య వరసలో కూర్చున్నారు. ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని అయ్యగారు అడిగారు. ఈసారి నిజంగానే ఆగారు. చర్చి అంతా పెద్దాయన వీపువైపు చూసింది. ఆయన కీర్తనల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఎన్నో నంబరో చెప్పకముందే ఆయనకు కీర్తన దొరికినట్టుంది.

అప్పుడు లేచింది పంతులుగారు.

"నాదొక మాటుండాది అయ్యగారూ."

అమ్మాయి తల దించుకుంది.

"ఈ వారమంతా ఈ పిల్లోడు మెట్లెక్కలేదంట. ఎక్కొద్దని మీరే చెప్పినారంట. పరుగు తప్పితే పందెం పోతాది, పందెం పోతే ఉద్యోగం పోతాది. ఉద్యోగం లేనివాడికి నేను పిల్లనియ్యను. ఎక్కుతాడా, లేదా? ఎక్కకపోతే మాత్రం నాకు అభ్యంతరముండాది."

అయ్యగారు పెద్దాయనవైపు చూశారు. పెద్దాయన పుస్తకం ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. తప్పయిపోయిందని ఎవరైనా ఒక్కరు అంటారేమోనని నేను కాచుకుని ఉన్నాను. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అయ్యగారు కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ళు వణుకుతుండగా లేచి నిలబడ్డారు. దీవెన చెప్పేటప్పటిలాగా చెయ్యెత్తారు.

"రేపు తెల్లవారుజామునుంచే ఎక్కుతాడు. దేవుడు అతని కాళ్ళకు బలమిచ్చును గాక."

చెయ్యెత్తిన అయ్యగారిని చూసిన అలవాటులో సంఘమంతా, అందరికంటే గట్టిగా మా పెద్దాయన, ఆమేన్ అంది.