మా అమ్మాయి నా మీద కట్టిన పాట

డిగ్రీ అయ్యాక మా అమ్మాయి ఉద్యోగం వెతుక్కుంటూనే, ఇద్దరు స్నేహితులతో కలిసి పాటలు కట్టడం మొదలుపెట్టింది. గిటారు, చిన్న డ్రమ్ము, గొంతు పెంచకుండా మెల్లగా పాడే పాటలు. పోయిన ఎండాకాలం కర్నూలులో ఒక కాఫీ షాపు మేడ మీద వాళ్ళ కచేరీ జరిగింది. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది.

చివరి పాట ఒక అమ్మ గురించి. ఆమె ఫోన్‌ను చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదువుతుంది. మోకాళ్ళ నొప్పికి మెట్ల మధ్యలో ఆగి, గోడ సున్నం చూస్తున్నట్టు నిలబడుతుంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తరువాతి చరణంలో ఆ అమ్మ సొంత ఇంటి ముందు తాళంచెవి పట్టుకుని, అది దేనికో గుర్తురాక నిలబడిపోతుంది.

నా నవ్వు ఆగిపోయింది. ఒకరోజు బడిలో పాఠాలు చెప్పి వచ్చి నేను అలాగే నిలబడ్డాను. ఎండ వల్లేమో అనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కచేరీ అయ్యాక కల్లూరులోని మా ఇంటికి షేర్ ఆటోలో వచ్చాం. దిగాక మా అమ్మాయి అడిగింది.

"పాట బాగలేదా మా?"

"యాడుండి చూసినావు నన్ను?"

"మిద్దె మీద బట్టలు తీస్తాంటి. పిలుద్దామనుకున్యా. నీ ముఖం చూసి నోరు రాలేదు."

"అంతమంది ముందర పాడేదానికి వచ్చింది గదా నోరు!"

"అడిగితే ఏం లేదంటావు. నాకు శానా భయమైంది మా. పాటైతే పూర్తిగా వింటావనుకున్యా."

ఆ తరువాత కొన్నాళ్ళు దానితో సరిగా మాట్లాడలేదు. "పిల్ల ఏదో పాడిందిలే, ఇడిసిపెట్టు" అన్నాడు మా ఆయన. ఆయనకు అది ఉత్త పాటే. ఇంతలో ఒకరోజు తరగతిలో, రోజూ ముందు బెంచీలో కూర్చునే పిల్ల పేరు నా నోటికి రాలేదు. ఆ పిల్ల లేచి నిలబడి నావైపే చూస్తోంది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, "డాక్టరు దగ్గరికి పోదాం రా" అన్నాను మా అమ్మాయితో.

డాక్టరు రక్త పరీక్షలు చేయించాడు. నిద్ర చాలకపోవడం కావచ్చు, వయసు కావచ్చు, మరేదైనా కావచ్చు, కొన్నాళ్ళు చూద్దాం అన్నాడు. బయటికి వచ్చాక, "ఆ చరణం తీసేస్తా మా" అంది మా అమ్మాయి.

"వద్దు, ఉండనీ. జరిగిందే గదా."

రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నాకది నచ్చలేదు. అయినా విడిపించుకోలేదు.