ఆన్‌లైన్ వేలంలో మా బాపు గొంగడి

"అభినందనలు, మీ డబ్బు మా దగ్గర భద్రంగా ఉంది" అని ఫోన్లో సందేశం వచ్చినప్పుడు నేను నిజంగానే సంతోషపడ్డాను. ఎంత భద్రంగా ఉందో తర్వాత తెలిసింది. దొంగలకే కాదు, మాకు కూడా అందనంత భద్రంగా ఉంది.

మా బాపు గొంగళ్లు నేస్తాడు. కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో మా ఊరు. ఒకప్పుడు మా వాడలో ఇంటికో మగ్గం ఉండేదట, నాకు తెలిసి మాత్రం మాదొక్కటే. మందలన్నీ ఎర్ర గొర్రెలవి అయిపోయాయి. వాటి ఒంటి మీద మాంసమే తప్ప ఉన్ని ఉండదు. నల్ల గొర్రెల మంద చుట్టుపక్కల ఒక్కటే మిగిలింది. దాని యజమాని ఏడాదికి రెండుసార్లు గొర్రెలను వాగులో కడిగి ఉన్ని కత్తిరిస్తాడు. ఆ రోజు డబ్బు పట్టుకుని నిలబడ్డవాడిదే ఉన్ని. బాపు కొనలేకపోతే బయటి బేరగాడు వ్యాను తెచ్చి మొత్తం మూటగట్టుకుపోతాడు. ఇక మళ్లీ కోత దాకా, అంటే ఆర్నెల్లు, మగ్గం గుంతలో బల్లులు కాపురం పెడతాయి.

ఆ ఏడు ఉన్నికోతకు ముందు బాపు దగ్గర డబ్బు లేదు, ఒక్క గొంగడి ఉంది. మా అమ్మ, అంటే అవ్వ, వడికిన నూలుతో నేసి, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టిన నల్లటి గొంగడి. సంతలో ఒకతను రెండున్నర వేలు అక్కడికక్కడే ఇస్తానన్నాడు. వద్దన్నది నేను.

నాకు మహబూబ్‌నగర్‌లో జిరాక్స్ దుకాణం ఉంది. పింఛన్ల దరఖాస్తులు, పిల్లల హాల్ టికెట్లు, కరెంటు బిల్లులు అన్నీ నా వేళ్ల మీదుగానే పోతాయి. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి తెలియనిది ఉండదని మా ఊళ్లో నమ్మకం. ఆ సంగతి అందరికంటే గట్టిగా నమ్మింది నేనే.

"సంతల ఎందుకు బాపు? ఆన్‌లైన్ల వేలం పాట పెడత. పట్నంల ఉన్నోళ్లు రెండింతలు ఇస్తరు" అన్నాను.

"పాట పాడెటోళ్లు ఏడ కూసుంటరు బిడ్డా?"

"ఎవరింట్ల వాళ్లే కూసుంటరు."

"మొకాలు సూడకుంట పాటెట్ల నడుస్తది? మన చెరువు చాపల పాటల మొకం జూసే గద పెంచేది." ఆ వెంటనే తనే ఒప్పుకున్నాడు. "పోనీ మంచిదే, కొట్లాట ఉండదు."

నాలుగు రోజుల పాట. చివరి గంటలో ఇద్దరు ఎవరో పంతానికి పోయి ఐదు వేల రెండు వందల దాకా తీసుకుపోయారు. బాపు నన్ను రెండుసార్లు అడిగాడు, సున్నాలు సరిగ్గా చూశావా అని. నేను దుకాణంలో వచ్చినవాళ్లకల్లా చాయ్ తాగించాను. రాని డబ్బుతో చేసిన దానం ఎంత తృప్తినిస్తుందో అప్పుడే తెలిసింది.

ఇక పంపడం. "డెలివరీ ఉచితం" అని పెడితే ఎక్కువమంది పాడతారని సైటువాళ్లే ప్రేమగా సలహా ఇచ్చారు. ఆ ఉచితం ఎవరి ఖర్చుతోనో మాత్రం చెప్పలేదు. నేను డబ్బా, టేపు కొనుక్కుని ఊరికి పోయాను. బాపు గొంగడిని మడవనివ్వలేదు. గంజి పట్టిన కొత్త గొంగడి మడత దగ్గర విరుగుతుందని, చుట్టాలే తప్ప కుదించొద్దని పట్టుబట్టాడు. దాంతో పెద్ద డబ్బా కావాల్సి వచ్చింది. కిరాణా కొట్టు నుంచి టీవీ పట్టేంత డబ్బా ఒకటి తెచ్చాను. బాపు, అవ్వ కలిసి గొంగడి చుట్టి పెట్టారు, నేను టేపు వేశాను.

కొల్లాపూర్‌లో కొరియర్ కౌంటర్ దగ్గర అబ్బాయి కాటా వైపు చూడను కూడా చూడలేదు. కొలత టేపుతో డబ్బా పొడుగు, వెడల్పు కొలిచాడు.

"పదకొండు వందల నలభై అక్కా."

"లోపల మూడు కిలోలే ఉంది తమ్మి."

"బరువు గాదక్కా. డబ్బ ఎంత జాగ తింటదో గది లెక్క. లోపల గాలి గుడ ఉంటది గద, దానికి గుడ కిరాయి పడతది."

చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. మా ఊరి గాలి అంత ఖరీదైనదని తెలిస్తే గొంగళ్లు మానేసి దాన్నే అమ్మేవాళ్లం.

గొంగడి చేరింది. ఆ వెంటనే వచ్చిందే మొదట చెప్పిన అభినందనల సందేశం. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. కొత్తగా అమ్మేవారి డబ్బు ఇరవై ఒక్క రోజులు ఆపి ఉంచబడుతుంది, ఇది మీ భద్రత కోసమే. నేను గొడవ పెట్టుకోబోయాను కానీ, షరతులన్నీ చదివి ఒప్పుకుంటున్నాను అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే. దుకాణంలో రోజూ పదిమంది తరఫున చదవకుండా టిక్కు పెట్టే చేయి, సొంత పనికి మాత్రం ఆగుతుందా? గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం ఎందుకని ఊరుకున్నాను. ఉన్నికోత ఇంకా నాలుగు వారాలుంది. ఇరవై ఒక్క రోజులు పోయినా ఇంకో వారం చేతిలో ఉంటుందని బాపుకు ధైర్యం చెప్పాను.

పదో రోజున కొన్నవారి నుంచి ఫిర్యాదు. "చెప్పని వస్తువు పార్సిల్‌లో వచ్చింది" అని, కింద ఫొటో. గొంగడి కొంగుకు గట్టి ముడి, ఆ ముడి విప్పితే జొన్నలు. ఊరికి ఫోన్ చేస్తే అవ్వ ఎత్తింది.

"నేనే కట్టిన" అంది తాపీగా. "కొత్త గొంగడి ఉత్తగ ఎట్లిస్తరే? ఎవలింటికి పోయినా ఆ ఇంట్ల ఆకలుండొద్దని శేరు జొన్నలు ముడేసి ఇస్తం. నీ లగ్గానికి గట్లనే గద ఇచ్చింది."

"నాకు చెప్పొద్దా అవ్వా?"

"నువ్వు అడిగినవా?"

నిజమే, అడగలేదు. నా పెళ్లికి ఇచ్చిన గొంగడి కొంగున జొన్నలున్న సంగతి కూడా నేను మరిచిపోయాను. చదువుకున్నదాన్ని కదా.

కొన్న ఆమెకు ఈ ఆచారం గురించి పెద్ద ఉత్తరమే రాశాను. ఆమె మంచి మనిషి. సంతోషపడి, ఫిర్యాదు వెనక్కు తీసుకుని, ఆ జొన్నలతో రొట్టెలు చేసుకోవచ్చా అని అడిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఫిర్యాదు వచ్చిన పది రోజులకు సైటు నుంచి ఇలా వచ్చింది: "విచారణ ముగిసింది. భద్రతా గడువు నేటి నుంచి మళ్లీ మొదలవుతుంది." దాంతో పాటు, చెప్పకుండా ధాన్యం పంపినందుకు కొరియర్ వాళ్ల అదనపు రుసుము. ఆ డబ్బుకు మూడు శేర్ల జొన్నలొచ్చేవి.

నేను సహాయ కేంద్రానికి రాశాను. మా బాపు ఉన్ని కొనాలి, కోత రోజు ఎవరి కోసమూ ఆగదు అని. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది అవతలి యంత్రం. గొర్రెలకు మీ షరతులు తెలియవని రాశాను. "మీ ఓపికకు ధన్యవాదాలు" అంది. నాకు ఓపిక ఉందని ఎవరు చెప్పారని రాశాను. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగింది.

దుకాణం కిరాయి పోను నా దగ్గర రెండు వేలు మిగిలాయి. ఇస్తానంటే బాపు తీసుకోలేదు. ఆడబిడ్డకు పెట్టాలే తప్ప ఆడబిడ్డ సొమ్ము తినొద్దని ఆయన పట్టు. మంద యజమానిని గడువు అడిగాడు. ఆయన రెండు రోజులు కోత ఆపాడు కూడా. ఆ తర్వాత ఆయనకూ మందకు మందులు కొనాల్సి వచ్చింది. ఆ మనిషిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

కోత రోజు బాపు పోయాడు. ఎప్పటిలాగే పొద్దంతా గొర్రెల కాళ్లు పట్టుకుని కూర్చున్నాడట. సాయంత్రం బేరగాడి మనుషులు తక్కువైతే, ఉన్ని మూటలు వ్యానులోకి ఎత్తింది కూడా ఆయనే. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేశాడు.

"పోయింది బిడ్డా" అన్నాడు. నేను కంపెనీని తిట్టాను. "వాళ్లనెందుకు అంటవు, వాళ్లకేం తెల్సు" అని పెట్టేశాడు.

పన్నెండు రోజుల తర్వాత డబ్బు పడింది. కమిషను, గాలి కిరాయి, జొన్నల జరిమానా అన్నీ పోను మూడు వేల రెండు వందలు. లెక్క ప్రకారం చూస్తే నేనే గెలిచాను. సంత ధర కంటే ఏడు వందలు ఎక్కువ. ఈ ఘనవిజయాన్ని పర్సులో పెట్టుకుని ఊరికి బస్సెక్కాను.

బాపు మగ్గం మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంచాడు. మరుసటి రోజు నుంచి ఉపాధి పనికి పోతున్నానని చెప్పాడు. ఆయన చేతుల్లో మగ్గం పట్టిన కాయలే తప్ప పార పట్టిన కాయలు నేనెప్పుడూ చూడలేదు. డబ్బు ఇస్తే తీసుకుని, కళ్లకద్దుకుని, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"నా కాడుంటే కర్సయితయి. మళ్ల కోత దాక నీ కాడనే ఆపు బిడ్డా. నువ్వయితే పైలంగ పెడతవు" అన్నాడు.

భద్రంగా పెడతానన్న ఆ మాటలో ఎక్కడా వెటకారం లేదు. ఉండి ఉంటే నేను తట్టుకునేదాన్ని. కంపెనీ నెలన్నర ఆపిన డబ్బును ఇప్పుడు నేను ఆర్నెల్లు ఆపాలి. పర్సు మూసుకుంటూ సిగ్గుతో బాపు ముఖం వైపు చూడలేకపోయాను.