చాపల యోసేపు మావ, మా చర్చి బల్లలు

మా చిన్నప్పుడు... చర్చిలో అందరం తుంగచాపల మీదే కూర్చునేవాళ్ళం. యాభైల నాటి మాట. చోడవరంలో మాది పెంకుల కప్పు, సున్నం గోడల చిన్న చర్చి. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, ముందు పిల్లలం.

ఆ చాపలన్నీ అల్లింది యోసేపు మావ. చిన్నతనంలో జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయట. చేతుల్లో రెండు చెక్కముక్కలు పట్టుకుని, వాటిమీద ఆనుకుంటూ నేలమీద దేకుతూ వచ్చేవాడు. ఊళ్లో కొందరు కుంటి యోసేపు అనేవారు. ఒకసారి నేనూ అన్నాను... అమ్మ మూతిమీద ఒక్కటిచ్చింది. "చాపల యోసేపు మావ అనాల!" అంది.

చర్చిలో ఆయన కాళ్ళ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. చాపమీద కూర్చున్నాక అందరి తలలూ ఒకే ఎత్తు కదా... పాట ఎత్తుకునేది ఆయనే. శ్రుతి కాస్త ఎక్కువే. మేమంతా అరుస్తూ అందుకునేవాళ్ళం.

తర్వాత బల్లలు వచ్చాయి.

మా సంఘపెద్ద దానయ్య తాతకి మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేడు. "పట్నం చర్చిల్లో బల్లలున్నాయి, మనకేటి తక్కువ?" అని ఏడాదిపాటు పోరి, అనకాపల్లి వడ్రంగి చేత చేయించాడు. ఎడ్లబండి మీద అవి వచ్చిన రోజు పిల్లలమంతా బండి వెనకే పరిగెత్తాం. చాపలు చుట్టి మూల నిలబెట్టేశారు.

ఆ ఆదివారం యోసేపు మావ గుమ్మం దాటి ఆగిపోయాడు. కాసేపు చూసి, బల్లల మధ్య దారిలో నేలమీద కూర్చున్నాడు. పాట ఎత్తుకోలేదు.

పై ఆదివారం ఇద్దరు మగవాళ్ళు ఆయన్ని చంకల కింద చేతులేసి ఎత్తి, ముందు బల్లమీద కూర్చోబెట్టారు. మంచి మనసుతోనే. కానీ కాళ్ళు ఆనవు... ప్రార్థన మధ్యలో పక్కకి జారిపోయాడు. మళ్ళీ ఎత్తబోయారు.

"ఒగ్గెయ్యండ్రా బాబూ! నానేటి, అనకాపల్లి బెల్లం దిమ్మనా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

నాలుగోది ప్రభువు బల్ల... రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం. మా వాడుకలో దాన్నీ 'బల్ల' అనే అంటాం. యోసేపు మావ ఎప్పుడూ బల్ల తప్పిన మనిషి కాదు. ముందురోజు మా పాస్టరు అయ్యగారు, దానయ్య తాతని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వచ్చారు. మాది పక్కిల్లే. అరుగు మీద కూర్చుని అంతా విన్నాను.

"రేపు బల్ల ఉంది యోసేపూ, రావాలి" అన్నారు అయ్యగారు.

"బల్ల ఎక్కలేనోడికి బల్లలో పాలేటండి?" చేతిలో అల్లిక ఆపకుండానే అన్నాడు యోసేపు మావ. "ఇన్నాళ్ళూ మీ మొకాలు సూసి పాడేను. ఇప్పుడు మోకాళ్ళు సూసి పాడమంటారా?"

"మావోళ్ళు ఎత్తుతార్రా నిన్ను" అన్నాడు దానయ్య తాత.

"ఒద్దు మావా. ఎత్తితే నాను సరుకయిపోతన్నాను."

తాత తన మోకాళ్ళు నిమురుకున్నాడు. "నా మోకాళ్ళ కోసం బల్లలు సేయించేన్రా... నీ కాళ్ళు నాకు గుర్తే రాలేదు" అన్నాడు.

"అదే కదా మావా, సాపలున్నప్పుడు బాగుండేది" అన్నాడు యోసేపు మావ.

మర్నాడు మేం వెళ్ళేసరికి ముందున్న బల్లలు గోడవారకి జరిపి ఉన్నాయి. నేలమీద పాత చాపలు పరిచి ఉన్నాయి. అందరికంటే ముందు చాపమీద కూర్చున్నది దానయ్య తాతే... మా నాన్న భుజం పట్టుకుని, మూలుగుతూ. అమ్మ వెనక్కి వెళ్ళి యోసేపు మావకి కబురు చెప్పింది, "చాపలేసేరు అన్నా, రా" అని.

చెక్కముక్కల చప్పుడు వాకిట్లో వినపడగానే పిల్లలం పక్కకి జరిగి చోటిచ్చాం. ఆయన వచ్చి తాత పక్కనే కూర్చున్నాడు. అయ్యగారు రొట్టె పళ్ళెంతో చాపమీదకే దిగి వచ్చారు. తర్వాత పాట... అదే ఎక్కువ శ్రుతిలో.

ఆరాధన అయ్యాక దానయ్య తాత లేవబోయి లేవలేకపోయాడు. యోసేపు మావ వెనక్కి తిరిగి కేకేశాడు, "ఒరే, రండ్రా! బెల్లం దిమ్మ ఇక్కడుంది, ఎత్తండి!" ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది దానయ్య తాతే.

ఆ తర్వాత ముందు చాపలు, వెనక బల్లలు. నేను చదువుకి ఊరు వదిలేదాకా అలాగే ఉంది.

ఈమధ్య వెళ్ళాను. నేలంతా పలకరాళ్ళు, వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు. మెట్ల పక్కన చక్రాల కుర్చీ కోసం వాలుదారి కూడా కట్టారు. మంచి పనే. లోపల ఆ కుర్చీ ఆగే చోటు ఎక్కడని అడిగాను. "వెనకాలండి, తలుపు దగ్గర" అన్నారు.

మీ చిన్నప్పటి చర్చిలోనో, గుడిలోనో, బడిలోనో... అందరి తలలూ ఒకే ఎత్తులో ఉన్న రోజు ఒకటి గుర్తుందా? ఉంటే ఇక్కడ రాయండి... చదువుతాను.