ఉచ్చీరప్ప నోట్లో బియ్యం

పెద్దకడుబూరు ఉచ్చీరప్పకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. పెరట్లో కోడి కాస్త వేగంగా నడిచినా, ఎవరింటి గింజలు తినొచ్చిందోనని దాని వంక చూసేవాడు. అలాంటి మనిషికి దొంగల్ని పట్టే పని అప్పజెప్పింది ఊరు. ఇంకేం, కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది!

ఎవరింట్లో ఏది పోయినా చావడి ముందు అతను మంత్రించిన బియ్యం పంచేవాడు. అనుమానం ఉన్నవాళ్ళందరూ అవి నమిలి మోదుగాకులో ఉమ్మాలి. దొర నోట్లో బియ్యం తడిసి ముద్దవుతుందట, దొంగ నోట్లో పొడిగా ఉంటుందట. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడు గదప్పా, నోరు గూడా అట్లే" అనేవాడు.

ఒకసారి గోవిందన్న ఇంట్లో వెండి కడియం పోయింది. ఆ ఇంటికి కూలికొచ్చే భీమక్క ఆకులో పొడి బియ్యం రాలింది. "దేవుని తోడు, నేను తీసుకోలేదప్పా! భయానికి నోరెండింది" అని ఆమె కాళ్ళావేళ్ళా పడింది.

"తప్పు సేయనోళ్ళకు భయమెందుకు?" అని కొట్టిపారేశాడు ఉచ్చీరప్ప.

కడియం దొరకనే లేదు. అప్పట్నుంచి పత్తి తీసే కూలీలందరిలో సాయంత్రం ఒడి దులిపి చూపించాల్సింది భీమక్క ఒక్కతే.

తొమ్మిదేళ్ళ తర్వాత, కర్నూలు రాజధాని అయిన ఏడు, చౌడమ్మ గుడిలో అమ్మవారి వెండి కళ్ళు కనబడలేదు. మర్నాడు వాడిన పూలదండల్లోనే దొరికాయనుకోండి, కానీ ఆ పొద్దు ఎవరికి తెలుసు? ఉచ్చీరప్ప మామూలుగా బియ్యం తెచ్చాడు. అందరికీ పంచాక గోవిందన్న మెల్లగా అన్నాడు: "నువ్వూ నమలప్పా. గుడి తాళం నీ మొలతాడుకే ఉంది గదా."

ఉచ్చీరప్ప నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ తాను ఊరిని చూసినట్టే ఊరంతా తనను చూస్తోంది. ఒంట్లో నీళ్ళన్నీ అరచేతుల్లోకే దిగాయేమో, నోట్లో మాత్రం చుక్క లేదు. ఎంత నమిలినా నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఉమ్మితే ఆకులో పిండి రాలింది.

"ఓయమ్మా! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్యారా!" అంది గుంపులో ఉన్న దేవక్క.

బియ్యం నిజమైతే తాను దొంగ. తాను దొరైతే బియ్యం అబద్ధం, ఇన్నేళ్ళ తన తీర్పులూ అబద్ధం. పరువు నిలవాలంటే ఒకటే దారి.

"బియ్యం అబద్ధమప్పా! నేను తీసుకోలేదు. భయానికి నోరెండింది!" అని అరిచాడు.

గుంపు వెనక నుంచి భీమక్క ముందుకొచ్చింది. "తప్పు సేయనోళ్ళకు భయమెందుకప్పా?" అని అడిగింది.

ఉచ్చీరప్ప అందరూ వినేటట్టు అన్నాడు: "నువ్వు తీయలేదు, భీమక్కా."

మర్నాడు సాయంత్రం పత్తి చేలో ఆమెను ఒడి దులపమని ఎవరూ అనలేదు. భీమక్క మాత్రం గట్టు మీద నిలబడి, అలవాటు కొద్దీ దులిపి చూపించి పోయింది.