పులిహోరలో రొయ్య

ఆ పులిహోరలోకి ఎండు రొయ్య ఎలా వచ్చిందో నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. బతు బస్తీలో ఆ సంగతి గుర్తున్నవాళ్ళు ఇప్పటికీ అది చిన్న దీదీ తప్పే అనుకుంటారు. అందులో ఆమె తప్పు ఆవగింజంత కూడా లేదు. ఈ మాట నేను అప్పుడే అనవలసింది.

బతు బస్తీ మలుపులో అక్కాచెల్లెళ్ళిద్దరు నడిపిన కర్రీ పాయింట్ అది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వేటకని వచ్చి ఈ అండమాన్ దీవుల్లోనే ఉండిపోయిన మనిషి. గాజు బీరువాలో కూరల ట్రేలు, ముందు రెండు బల్లలు, పైన రేకులు. పట్టుకెళ్ళేవాళ్ళు పట్టుకెళ్ళేవారు, కూర్చుని తినేవాళ్ళు తినేవారు. అక్కను పెద్ద దీదీ అనీ, చెల్లెల్ని చిన్న దీదీ అనీ అందరూ పిలిచేవాళ్ళం. తెలుగువాళ్ళమూ అంతే. ఇక్కడ పుట్టి పెరిగిన నోటికి అక్క కన్నా దీదీయే ముందొస్తుంది.

ఆ బీరువా చూస్తే ఏ కాలమో తెలిసిపోయేది. వానలు పట్టి ఓడలు ఆగిపోయి బజారులో కూరగాయలు కరువైతే, ట్రేలన్నీ చేపల పులుసూ నెత్తళ్ళ వేపుడూ, ఓ పక్కన మిరియాల చారూ. క్రిస్మస్ వారం వస్తే రాంచీ నుంచి పనులకొచ్చి స్థిరపడ్డ క్రైస్తవులూ తమిళులూ వరస కట్టి కొనుక్కునే చేప కట్లెట్లు. దుర్గా పూజకి బెంగాలీల కోసం కిచిడీ. కార్తీక మాసం సోమవారాల్లో మాత్రం మా తెలుగువాళ్ళ కోసం ప్రత్యేకం: పులిహోర, కంద బచ్చలి, పెసర పునుకులు, చలిమిడి.

చేపలమ్మే చోట ఉపవాసం విడవడమేమిటని కొత్తవాళ్ళు నవ్వేవారు. పెద్ద దీదీ దానికో పద్ధతి పెట్టింది. పెరటి వైపు వేరే గదిలో వేరే పొయ్యి, వేరే గిన్నెలు. సోమవారం తెల్లవారి తలస్నానం చేసి ఆ గదిలోకి వెళితే, సాయంత్రం చుక్క పొడిచేదాకా ముందు పక్కకి వచ్చేది కాదు. ముందు పక్క చేపల అమ్మకం చిన్న దీదీది. వాళ్ళ బతుకు అదే కనుక అది ఆగదు. ఆ రోజు చిన్న దీదీ ఆ గది గడప తొక్కదు. ఇదీ ఏర్పాటు. ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళూ, ఒంటిగా ఉండే మగవాళ్ళూ, క్వార్టర్స్‌లో ఇరుకు వంటిళ్ళవాళ్ళూ ఈ ఏర్పాటును నమ్మి వచ్చేవారు.

వాళ్ళందరిలోకీ నమ్మించడం కష్టమైన మనిషి డెలానీపూర్‌లో మా పై వాటాలో ఉండే మామ్మగారు. కొడుకు ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడ్డ ఇల్లు. ఆవిడ బయట మంచినీళ్ళు కూడా తాగేది కాదు. ఒకసారి స్వయంగా వచ్చి, పెరటి గది చూసి, గిన్నెలు తిరగేసి చూసి, చివరికి "సరే అమ్మాయ్" అంది. ఆ రెండు మాటల్నీ పెద్ద దీదీ పతకంలా మోసింది. ఎవరొచ్చినా చెప్పేది.

నేను బళ్ళో పంతుల్ని. ఆ ఏడు సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళాను. ఈ దీవుల్లో ఏ సంచీ ఖాళీగా వెళ్ళదు, ఖాళీగా తిరిగి రాదు. మా అత్తవారి వైపు వాళ్ళకు అండమాన్ ఎండు రొయ్యలంటే ప్రాణం. పెద్ద గుడ్డ సంచి నిండా పట్టుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు అదే సంచి దులిపి, అందులో కవరులో కట్టిన ఏజెన్సీ చింతపండు పెట్టాను. ఇక్కడి కొట్లలో దొరికే నల్ల చింతపండుతో పులిహోరకు రంగు రావడం లేదని పెద్ద దీదీ పోయిన కార్తీకంలో అంటే, నేను తెస్తానని మాటిచ్చాను. ఓడలో చింతపండు కవరు చిరిగి సంచికి అంటుకుపోయింది. ఇంటికొచ్చాక అడుగున అంటుకున్నదంతా గీకి, పారేయడమెందుకని ఉండలో కలిపేశాను. మంచి చింతపండు మరి. ఆ ఉండను గొప్పగా తీసుకెళ్ళి పెద్ద దీదీ చేతికిచ్చాను.

ఆ సోమవారం పొద్దుటి నుంచీ వాన. సాయంత్రానికి దుకాణం నిండిపోయింది. అందరూ ఉపవాసం మీద ఉన్నవాళ్ళే. చుక్క చూడకుండా ముద్ద ముట్టకూడదు. ఆకాశం చూస్తే కంబళి కప్పినట్టుంది.

"చుక్క దిఖా క్యా, దీదీ?" అని ఒకాయన అరిచాడు.

"కనబడింది భయ్యా. పక్కింటోల్ల బల్బు!" అంది ముందు పక్క నుంచి చిన్న దీదీ.

"మబ్బు వెనకాల ఉందిలెండి. నాదీ పూచీ," అన్నాడు రిటైరైన గుమాస్తా ఒకాయన. "ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకోడానికి కంటితో చూడాలా?"

అందరూ నవ్వారు. మామ్మగారు కూడా నవ్వి, చెయ్యి కడుక్కుంది. పెద్ద దీదీ పెరటి గదిలోంచి పులిహోర పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. "మన మాస్టారు ఓడ మీద మోసుకొచ్చిన సింతపండండీ. రంగు సూడండి," అంది. నలుగురూ నా వైపు చూశారు. నేను సంతోషంగా తల ఊపాను.

మామ్మగారు మొదటి ముద్ద తిని బాగుందంది. రెండో ముద్ద నములుతూ ఆగిపోయింది. నోట్లోంచి వేళ్ళతో ఏదో తీసింది. మిరపకాయ తొడిమ అనుకుందేమో, దీపం వెలుగులో పెట్టి చూసింది. వంకరగా, గోరంత, పల్చటి పెంకు. దానికి రెండు నల్లటి కళ్ళు.

"ఇదేమిటమ్మాయ్?" అంది.

కోప్పడలేదు, అరవలేదు. చంటిపిల్ల అడిగినట్టు అడిగింది. నా చేతిలో ముద్ద అలాగే ఉంది. పెద్ద దీదీ ఆ రొయ్యను తన అరచేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. మెల్లగా చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వొచ్చినావు కదే లోపలికి."

"నువ్వే కదే పిలిసినావు! జల్లు కొడతంది, కిటికీ మూయమనీ!"

"కిటికీ మూయమన్నాను. గిన్నెల మీద వొంగమన్నానేటి?"

"నాను గిన్నె కాడికే ఎల్లనేదు."

"నీ సెంగు సూసుకో. పొద్దున్నించీ ఎండు రొయ్యలే కదా ఏపుతున్నావు."

చిన్న దీదీ నిజంగానే తన చెంగు చూసుకుంది. అలా చూసుకోవడమే ఆమెకు శిక్షయిపోయింది. చూశావా, ఆమెకే అనుమానం ఉందని ఎవరో గుసగుసలాడారు. "సోమవారం పూట, ఛీ," అని ఇంకెవరో లేచారు. మామ్మగారు నోరు పుక్కిలించి, గొడుగు అక్కడే మరిచిపోయి, వానలోకి నడిచింది.

"అమ్మ మీద ఒట్టే అక్కా," అంది చిన్న దీదీ.

"అమ్మ పేరెత్తకు," అంది పెద్ద దీదీ.

అప్పటికి నాకూ తెలియదు. చిన్న దీదీ చెంగు నుంచే పడి ఉంటుందని నేనూ అనుకున్నాను. ఇంటికెళ్ళాక ఆ గుడ్డ సంచి ఉతుకుదామని తిరగేశాను. లోపలి కుట్ల వెంట, ఎండిన చింతపండు గుజ్జులో, రొయ్యపొట్టు. చిన్నవీ పెద్దవీ, కళ్ళతో సహా, వరసగా. నేలమీద కూలబడ్డాను. గీకి కలిపింది నా గోళ్ళే. నా భార్య వంటింట్లోంచి ఏమైందని అడిగింది. ఏం లేదన్నాను. ఆ సంచిని బాల్చీలో వేసి, చేతులు మండేదాకా ఉతికాను.

మర్నాడు చెప్పేద్దామనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. దుకాణంలో పెద్ద దీదీ ఒక్కతే ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"చిన్న దీదీ ఏది?" అన్నాను.

"పొమ్మన్నాను. ఎల్లిపోయింది." రెండు చేతులూ జోడించింది. "మీరు సముద్రం దాటించి తెచ్చిన సింతపండు, మాస్టారూ. మా సెల్లి పాడు సేసేసింది. ఏటీ అనుకోకండి."

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. పరవాలేదన్నాను.

ఎందుకన్నానని చాలాసార్లు ఆలోచించాను. మామ్మగారికి భయపడి కాదు. ముందు రోజు నలుగురూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అంతే. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాను. దొరకలేదు. అక్కాచెల్లెళ్ళ గొడవలు ఎన్నాళ్ళుంటాయిలే, పండగకు కలిసిపోతారని నాకు నేనే చెప్పుకున్నాను.

పెరటి పొయ్యి తీసేశారు. కార్తీక సోమవారాలు దుకాణం మూసే ఉండేది. చిన్న దీదీ భర్తతో సిప్పీఘాట్ వెళ్ళి ఆకుకూరలు పండించుకుంటోందని తెలిసింది. నేను మిగతా రోజుల్లో పెద్ద దీదీ దగ్గర చేపల పులుసు కొనుక్కుంటూనే ఉన్నాను. రుచి మారలేదు. ఏళ్ళు గడిచాయి.

ఈ మధ్యే సిప్పీఘాట్‌లో మా బడి సహోద్యోగి గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు తక్కువయ్యారు. ఇంటావిడ పులిహోర గిన్నె పట్టుకుని, గోడ పక్కన నిలబడ్డ ఒకామెను పిలిచింది.

"దీదీ, జర ఈ బంతికి వడ్డించు."

నిప్పు తగిలినట్టు ఆమె వెనక్కి జరిగింది. "నన్నొగ్గేయండి తల్లీ. నా సెయ్యి మంచిది కాదు."

గొంతు గుర్తుపట్టి తలెత్తాను. చిన్న దీదీ. చిక్కిపోయింది. నన్ను చూసి ఆమే నవ్వింది.

"మాస్టారేనా? ఏటండీ, నెత్తికి సున్నమేసుకున్నారా?"

విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళాను. చెయ్యి మంచిది కాదంటావేమిటని అడిగాను.

"మీరు ఆ రోజు ఉన్నారు కదా, మరిసిపోయినారా? ఎవులింట్లోనూ గరిటి పట్టను నాను. మా అమ్మ పోయినప్పుడు పిండానికి అన్నం వండుతానంటే అక్క వొద్దంది. ఆ కాణ్ణించి మానేసినాను."

"కానీ నువ్వు గిన్నె దగ్గరకి వెళ్ళలేదని ఆ రోజు చెప్పావు కదా?"

"అప్పుడలా అన్నానండి. తరవాత ఎంత తలుసుకున్నా..." తన చెంగు అంచు చేతిలోకి తీసుకుని చూసింది. "పడే ఉంటాదిలెండి. కిటికీ అందుకున్నప్పుడు గాలి ఇసిరింది కదా. నా సెంగు లోంచే పడుంటాది. మామ్మగారి ఉపాసం సెడగొట్టినాను. పాపం ఊరికే పోద్దా?"

దుకాణంలో రొయ్యను చూసినప్పుడు గానీ, సంచి తిరగేసినప్పుడు గానీ నేను ఇలా అదిరిపోలేదు. నేను దాచింది ఒక నిజాన్ని మాత్రమే అనుకున్నాను. దాని చోట ఈమె తన మనసులో ఓ అబద్ధాన్ని కట్టుకుంది. గాలి ఎటు వీచిందో కూడా గుర్తు తెచ్చుకుంది. చేయని పనిని చేసినట్టు కళ్ళారా చూసుకుంటూ ఇన్నాళ్ళు బతికింది.

"అది నీది కాదు," అన్నాను. "నా సంచిలోది."

చెప్పాను. అత్తవారింటికి తీసుకెళ్ళిన రొయ్యలు, చిరిగిన కవరు, గీకి కలపడం, ఇంట్లో సంచి తిరగేయడం, అన్నీ. ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆ రోజే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మా అక్క కాడ పులుసు కొంటన్నారా ఇంకా?"

"కొంటున్నాను."

"వా మాస్టారూ," అంది. "బాగానే దిగిందే గొంతులోకి."

నేను ఆమెను క్షమించమని అడగబోయాను. చేత్తో ఆపింది.

"నాకొద్దు. అక్కకి సెప్పండి. ఇప్పుడే, నా ముందర. ఫోన్ తియ్యండి."

ఎదురుగా వెళ్ళి చెప్పడం మర్యాద, సాయంత్రమే వెళతానన్నాను. "మీ సాయంత్రాలు నాకు తెలుసు," అంది. ఫోను తీశాను. అందరికీ వినబడేలా పెట్టమంది. పెట్టాను. బంతిలో ఉన్నవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. ఇంటావిడ పులిహోర గిన్నెతో అక్కడే నిలబడిపోయింది.

"హలో మాస్టారూ, ఏటి ఈ ఏలప్పుడు? పులుసు దాచమంటారా?" అంది పెద్ద దీదీ.

చిన్న దీదీ అన్నేళ్ళ తరవాత ఆ గొంతు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దీదీ, పులుసు కోసం కాదు," అన్నాను. "ఆ కార్తీక సోమవారం మామ్మగారి నోట్లో పడ్డ రొయ్య నేనిచ్చిన చింతపండులోది. ఎండు రొయ్యలు మోసిన సంచిలోనే చింతపండు తెచ్చాను. ఆ సాయంత్రమే నాకు తెలిసింది. తెలిసీ మీకు చెప్పలేదు. మీ చెల్లెలు గిన్నె దగ్గరకి రాలేదు, ఆమె చెంగు నుంచి ఏమీ పడలేదు. ఆ రోజు ఆమె చెప్పిందే నిజం. ఇప్పుడు ఆమె నా పక్కనే నిలబడి వింటోంది. మీ ఇద్దర్నీ విడగొట్టింది నేను. మీ అమ్మగారికి ఆమె చేతి అన్నం దక్కకుండా చేసిందీ నేనే. తప్పయిపోయింది దీదీ. చిన్న దీదీ, తప్పయిపోయింది. నన్ను క్షమించండి."